స్పిండిల్ ఆయిల్‌తో బిగుసుకున్న మర

ఆ మంగళవారం పొద్దున కుప్పమ్మాళ్ పొయ్యి మీద మొదట పెట్టినవి కాఫీకి నీళ్లు కావు, తుపాకి కడగడానికి నీళ్లు.

నలభై రోజులకు పైగా పోలీస్ స్టేషన్‌లో ఉన్న తుపాకి ముందురోజే ఇంటికి వచ్చింది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు ఉన్నవాళ్లందరూ తుపాకులు అప్పగించాలి, ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకోవాలి. ఈసారి తిరిగి ఇస్తూ చేతిలో ఒక కాగితం కూడా పెట్టారు. శుక్రవారం పది గంటలకు స్టేషన్ వెనక మైదానంలో తనిఖీ. వెనక మర విప్పి గొట్టం లోపల శుభ్రంగా ఉందని చూపించాలి. గుండు లేకుండా ఉత్త మందుతో ఒకసారి పేల్చి చూపించాలి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా లైసెన్సు రద్దు, తుపాకి వాళ్లకే.

కుప్పమ్మాళ్‌కు అరవై ఒకటో ఏడు. తమిళనాడులో రాజపాళయానికి పడమట కొండ అడుగున ఆమెకు నాలుగు ఎకరాల మామిడి తోట ఉంది. అన్నీ సప్పట్టై రకం చెట్లు. కొమ్మలు కిందికే వంగి కాస్తాయి కాబట్టి మనిషి నిలబడి కోయవచ్చు, అడవిపంది కూడా నిలబడే తినవచ్చు. తుపాకి స్టేషన్‌లో ఉన్న రోజుల్లో పందులు కింది కొమ్మలు ఖాళీ చేశాయి. కొత్తగా నాటిన ముప్ఫై మొక్కల్లో పంతొమ్మిదింటిని వేళ్లతో పెకలించాయి. డబ్బాలు వాయించి చూశారు, పాత చీరలు కట్టి చూశారు. మూడో రోజుకే పందులకు అన్నీ అలవాటైపోయాయి. తుపాకి చప్పుడు ఒక్కటే వాటికి అలవాటు కాలేదు. పందిని కొడితే జైలు. కొట్టాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు కూడా. ఆమె తుపాకిలో ఇంతవరకు గుండు పడలేదు. మందు, కాగితం ఉండ, చప్పుడు, పొగ, అంతే. ఉన్న లైసెన్సు పోతే కొత్తది వచ్చే ఆశ ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. కోతకు ఇంకా రెండు వారాలున్నాయి.

ఆ తుపాకిని ఆమె భర్త గురుస్వామి పద్నాలుగేళ్ల కిందట మదురైలో కొన్నాడు. పాతకాలపు నాటు తుపాకికి నిప్పు పక్కనుంచి అందుతుంది. దీనికి అలా కాదు. నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి కేపు గొట్టానికి సరిగ్గా వెనక, ఒకే వరసలో కూర్చుంటుంది. మందు మాత్రం ముందు మూతి నుంచే పోయాలి. వెనక ఉన్న మర విప్పితే గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ల పైపులాగా కనబడుతుంది. గురుస్వామి పేల్చేవాడు, కడగడం ఆమెకు వదిలేవాడు. ఆయన పోయాక లైసెన్సు తన పేరుకు మార్చమని ఆఫీసుకు వెళితే, "తుపాకి పట్టుకోను తెలుసునా పాట్టీ?" అని, అవ్వను పలకరించినట్టు, గుమస్తా నవ్వాడట. "తెలుసు గానీ, దీన్ని ఎక్కడ విప్పుతారో నువ్వు చెప్పు సార్, చూస్తాం" అందట ఈమె. పేరు మార్పించుకునే వచ్చింది.

ఆ పొద్దున ఆమె మొదట చేసిన పని, మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి జారవిడవడం. కడ్డీ మీద రెండు గీతలున్నాయి. కడ్డీ దిగి మూతి దగ్గర పై గీత ఆగితే లోపల ఏమీ లేనట్టు, కింది గీత దగ్గరే ఆగితే మందు ఉన్నట్టు. తుపాకి ఎవరి చేతి నుంచి వచ్చినా, తన పెట్టెలోంచే తీసినా, ముందు గీత చూడందే ఇంకో పని చేయదు. పై గీత దాకా దిగింది. కొయ్య పిడి విడదీసి, వెనక మరకు స్పేనర్ తగిలించి తిప్పింది. కదల్లేదు. ఇంకోసారి తిప్పింది. ఉహూ.

రాత్రి షిఫ్టు దిగి వచ్చి కాఫీ కోసం ఎదురుచూస్తున్న కొడుకును పిలిచింది. హరిహరన్ ఒక స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు.

"రేయ్ హరీ, ఇట్ల రా. దీనికి ఏమి పూసినావు?"

"గ్రీజే అమ్మా."

"ఏ గ్రీజు? నా గ్రీజు డబ్బా పెట్టిన చోటే ఉండాది. మూత మీది దుమ్ము కూడా చెదరలే."

హరిహరన్ స్పేనర్ వైపు చూశాడు, తల్లి వైపు చూడలేదు. "స్పిండిల్ ఆయిల్ వేసినా."

రాజపాళయంలో మిల్లు పనివాళ్ల ఇళ్లలో, కదుళ్లకు వేసే ఆ పల్చటి స్పిండిల్ ఆయిల్ సీసా లేని ఇల్లు వెతకాలి. కుట్టుమిషనుకు అదే, తలుపు బందులకు అదే, సైకిల్ చెయిన్‌కు అదే. ఎన్నికల నోటీసు వచ్చినప్పుడు కుప్పమ్మాళ్‌కు కంటి ఆపరేషన్ అయి మూడు రోజులు. వంగవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అందుకని ఆ ఒక్కసారి కడిగే పని కొడుకుకు ఇచ్చింది. కడగడం బాగానే కడిగాడు. కానీ మర లోపల మసి కొంచెం మిగిలింది. దాని మీద తనకు తెలిసిన నూనె వేసి బిగించాడు. ఆ తరువాత నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆమే ఆటోలో వెళ్లి తుపాకి అప్పగించింది, మర విప్పి చూడకుండా. ఇప్పుడు కొడుకును తిట్టినంతసేపూ ఆ సంగతి కూడా చెప్పుకుని తననూ తిట్టుకుంది.

నల్లమసి సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఆ మసిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు చెమ్మను పీలుస్తుంది, చెమ్మ ఇనుమును తింటుంది. అందుకే పేల్చిన పూటే కడగాలి. మిషను నూనె ఆ మసితో కలిస్తే తారు అవుతుంది. నలభై రోజులు గదిలో ఉంటే ఆ తారు సిమెంటు అవుతుంది.

"మిల్లు నుంచి పెద్ద పైపు తెస్తా అమ్మా. స్పేనర్‌కు తగిలించి ఒక్క తిప్పు తిప్పితే వచ్చేస్తుంది."

"ఏది వస్తుంది? మర వస్తుందా, మర తల వస్తుందా?"

"అది..."

"మీ మిల్లులో అయితే స్టోర్సుకు పోయి ఇంకోటి వాంగుకుంటావు. దీనికి స్టోర్సు ఎక్కడుండాది? నువ్వు సుమ్మా పోయి పండుకో."

మంగళవారం, బుధవారం ఆమె చేసింది ఒకటే పని. గొట్టాన్ని ఇత్తడి బిందెలో నిలబెట్టి, మర మునిగేదాకా సబ్బు కలిపిన వేడినీళ్లు పోయడం. చల్లారాక తీసి, తుడిచి, మర అంచున నాలుగు చుక్కలు డీజిల్ వేసి, పొయ్యికి దూరంగా నీడన ఉంచడం. మళ్లీ వేడినీళ్లు. నీళ్లు ఉప్పును కరిగిస్తాయి, డీజిల్ తారును కరిగిస్తుంది. పూటకు రెండుసార్లు స్పేనర్ వేసి చూసేది. చేతి బలం కన్నా ఎక్కువ వేయలేదు.

బుధవారం సాయంత్రం పక్క తోట పాండురంగన్ వచ్చాడు. అతనికీ అలాంటి తుపాకే ఉంది, అతనికీ శుక్రవారమే తనిఖీ. చేతిలో బిస్కెట్ డబ్బా.

"ఏమి అక్కా, తుపాకికి కాన్పు చేస్తా ఉండావా? ఇన్ని వేడినీళ్లు!"

"నీ తుపాకి కడిగినావా, ముందు అది చెప్పు తంబీ."

"కడిగినా, కడిగినా. మందు ఎక్కడుండాది? మదురై అంగడిలో స్టాకు లేదంట, వచ్చే నెలే అంట. అందుకే శివకాశి పోయి మా చెల్లెలి ఇంటి నుంచి ఇది తెచ్చినా. పట్టాసు మందు, టపాకాయల్లో వేసేది. ఇది వేసి ఒక్కటి కొడితే నీ మర కూడా దానంతట అదే ఊడి వచ్చేస్తుంది!"

నవ్వుతూ డబ్బా మూత తీశాడు. లోపల వెండిరంగు పొడి, విభూతి అంత మెత్తగా ఉంది. కుప్పమ్మాళ్ నవ్వలేదు. లోపలికి వెళ్లి తన డబ్బా తెచ్చింది. లైసెన్సు మీద కొన్న కరిమందు, నల్లగా, ఉప్మా రవ్వ అంత పలుకు. మంచి కరిమందు మెరవదు. వేళ్ల మధ్య నలిపితే పొడి కాకూడదు, అరచేతికి మసి అంటకూడదు. అంటితే పలుకు చెదిరిపోయినట్టు. పొగరాని కొత్త మందు అని ఒకసారి అంగడి కుర్రాడు ఏదో చూపిస్తే, ఈ తుపాకి మీద ఆ మందు పేరు రాసి ఉందా అని అడిగి వెనక్కి ఇచ్చేసింది.

పెరట్లో దూరదూరంగా రెండు పెంకుముక్కలు పెట్టింది. ఒకదాని మీద తన మందు చిటికెడు, ఇంకోదాని మీద అతని మందు చిటికెడు. రెండు డబ్బాలూ ఇంటి లోపల పెట్టించింది, పాండురంగన్‌ను గోడ అవతల నిలబెట్టింది. పొడుగాటి వెదురుకు అగరువత్తి కట్టి అంటించింది. నల్లది బుస్సుమని మండి, తెల్లటి పొగ లేచింది. వెండిది కన్ను ఆర్పేలోపలే టప్పుమంది. కోళ్లు గోడ దాటి పాండురంగన్ మీదికి ఎగిరాయి.

"చూసినావా? నాది తోసే మందు, నీది పగలకొట్టే మందు. గొట్టం ఎవరి మొగం దగ్గర ఉంటుందో నువ్వే చెప్పు."

పాండురంగన్ చొక్కా దులుపుకున్నాడు. "ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇదే వేస్తారు అక్కా. ఏమీ కాలే."

"కాలే అని చెప్పను వాళ్లకు నోరు ఉండాది. అయినవాడు వచ్చి చెప్తాడా?"

బిందె పక్కనున్న నీళ్ల బకెట్‌ను ఆమె ముందుకు జరిపింది. అతను ఇంట్లోంచి తన డబ్బా తెచ్చి, ఉన్నదంతా కొంచెం కొంచెంగా అందులో పోశాడు. పోశాక మొహం వేలాడేశాడు.

"సరి, శుక్రవారం నేను ఏమి పెట్టి కాల్చేది?"

ఆమె డబ్బాలో ఉన్నవి, పేలుడుకు ఒకటి చొప్పున, ఐదు కొలతలు. కోత అయ్యేదాకా అవే. "మైదానానికి రా. ఆఫీసరమ్మ సరి అంటే నాదాంట్లో ఒక కొలత ఇస్తా."

గురువారం మధ్యాహ్నం మూడు దాటాక మర కిర్రుమంది. పావు చుట్టు తిరిగి ఆగింది. నిద్రలేచి వచ్చిన హరిహరన్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మళ్లీ డీజిల్ చుక్క వేసి, అరగంటలో బయటికి తీసింది. ఆ తరువాత తుడుపు. దానికి ఆమె వాడేది సత్రపట్టి మగ్గాల దగ్గర నేతలో లోపం వచ్చి పక్కన పడేసిన కట్టు బట్ట, ఆసుపత్రుల్లో గాయాలకు కట్టేదే. మెత్తగా ఉంటుంది, పోగు వదలదు. అరచేతిలో పట్టేంత ముక్కలు కోసి ఒక్కొక్కటి కడ్డీకి చుట్టి నడిపింది. మొదటి ఆరు నల్లగా వచ్చాయి. తరువాతి నాలుగు తుప్పు రంగు. పదకొండోది బూడిద రంగు. పన్నెండోది తెల్లగా వచ్చింది. తన గ్రీజు డబ్బా తీసి కొడుకు చేతికి ఇచ్చింది.

"ఇప్పుడు నువ్వు పుయ్యి. మర చుట్లన్నిట్లో పట్టాల. నేను చూస్తా."

అతను పూశాడు. రెండుసార్లు తుడిపించి మళ్లీ పూయించింది.

శుక్రవారం మైదానానికి ఇరవై మూడు తుపాకులు వచ్చాయి. తనిఖీకి వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు ముప్ఫై ఏళ్లు దాటని అమ్మాయి. కుప్పమ్మాళ్ మరను మూడు చుట్లలో విప్పి గొట్టం అందించింది. ఆ అమ్మాయి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది. "లోపల ఏమి పెట్టి తుడుస్తారమ్మా?" అని తమిళంలో అడిగింది.

"కట్టు బట్ట. సత్రపట్టిది."

"మా స్టేషన్ తుపాకులకు కూడా కొంచెం తెచ్చి ఇవ్వండి."

ఉత్త మందు పేలింది, పొగ మైదానం దాటి రోడ్డు మీదికి పోయింది. పాండురంగన్‌కు ఒక కొలత ఇవ్వనా అని కుప్పమ్మాళ్ అడిగితే ఆఫీసరు సరేనని తల ఊపింది. ఇత్తడి కొలపాత్రతో పోసి, పైన వేలితో చదును చేసి ఇచ్చింది. అతనిదీ పేలింది.

అప్పుడు కుప్పమ్మాళ్ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. కాఫీ అనుకుని ఇద్దరు కానిస్టేబుళ్లు దగ్గరికి వచ్చారు. ఆమె మూత తీసి వేడినీళ్లు గొట్టంలో పోయడం మొదలుపెట్టింది.

"ఇంటికి పోయి కడగరాదా పాట్టీ?" అన్నాడు ఒకడు.

"ఇల్లు ఏడు కిలోమీటర్లు అప్పా. అంతదాకా ఉప్పు ఇనుమును తినకుండా సుమ్మా ఉంటుందా?"

అది విని పాండురంగన్ కూడా మర విప్పి, వరసలో ఆమె వెనక నిలబడ్డాడు. ఫ్లాస్కులో అతనికి సగం మిగిల్చింది.

ఆ రోజు ఇరవై మూడింటిలో పద్నాలుగు తుపాకులు నెగ్గాయి. ఆమె లైసెన్సు ఐదేళ్లకు పొడిగించారు. ఆదివారం తెల్లవారుతుండగా పడమటి కంచె దగ్గరికి పందులు వచ్చాయి, ఏడో ఎనిమిదో ఉంటాయి. ఆకాశం వైపు పెట్టి ఒక్కసారి పేల్చింది. కొండ ఎక్కేదాకా అవి ఆగలేదు. ఆమె లోపలికి వచ్చి, పొయ్యి వెలిగించి, నీళ్లు పెట్టింది.

డబ్బాలో ఇంకా రెండు కొలతలు ఉన్నాయి. కోతకు తొమ్మిది రోజులు.