పలక మీద కాలు

మా స్కూల్లో అక్షరాభ్యాసానికి మూడొందల పలకలు కావాలన్నప్పుడు, మార్కాపురంలో మా అమ్మ పనిచేసే పలకల షెడ్డు సంగతి చెప్పింది నేనే. ఆర్డర్లు లేక అది మూతపడేలా ఉంది. ఆ పని పోతే ఈ వయసులో అమ్మకు ఇంకో పని ఎవరిస్తారు? అక్కడ ఉన్నది మా అమ్మ అని మాత్రం కరస్పాండెంటుకు చెప్పలేదు. గిద్దలూరులో నేను తెలుగు మేడమ్‌ని కదా, ఆ బడాయి ఒకటి.

సరుకు చూడటానికి పోతూ ఆయన నన్నూ కారెక్కించుకున్నాడు. ఆ షెడ్డులోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు; అమ్మ కూతురినని అక్కడెవరికీ తెలియదు. అమ్మ ఎదురుగానే ఉంది. పలకకు చెక్క చట్రం బిగించాలంటే రెండు చేతులూ మేకుకూ సుత్తికీ సరిపోతాయి. అందుకే అక్కడి ఆడవాళ్లంతా పలకను ఎడమ పాదంతో అదిమిపట్టి కొడతారు. నేను పుట్టకముందు నుంచీ అమ్మ చేస్తున్నది అదే.

ఆయన ముఖం మాడిపోయింది.

"ఏందమ్మా ఇది? సరస్వతిని కాలికింద ఏసుకుంటావా?" అని నావైపు తిరిగాడు. "మేడం, మీరు చెప్పండి. దీన్నేమంటారు?"

అమ్మ సుత్తి ఆపి నన్ను చూసింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టే చూసింది, మహాతల్లి. నా పరువు కాపాడుతోందని నాకు తెలుసు. 'మా అమ్మ సార్' అంటే సరిపోయేది.

"అపచారం అంటారు సార్," అన్నాను.

అంతటితో ఆగానా? పాఠం మొదలుపెట్టాను. అది సంస్కృతం నుంచి వచ్చిన మాట అనీ, మొదట దారి తప్పిన నడక అని అర్థమనీ, పోనుపోను పవిత్రమైనవాటి పట్ల చేసే తప్పుకు పేరయిందనీ వివరంగా చెప్పాను. సిగ్గులేని నాలుక నాది.

షెడ్డు యజమాని బెదిరిపోయాడు. "ఆర్డరు ఆపొద్దు సార్. పసుపు నీళ్లతో కడిగిచ్చి పంపిస్తా. ఈమెను రేపట్నించి రానియ్యను."

మిగతా ఆడవాళ్లు పాదాలు చీరకుచ్చిళ్ల కిందికి లాక్కున్నారు. కరస్పాండెంటు సరేనని తలూపాడు. ఎవరి పని నిలబడాలని ఆర్డరు తెచ్చానో ఆ మనిషి పనే పోయింది. నేను ఆయన వెనకే వెళ్లి కారెక్కాను.

గిద్దలూరులో కారు దిగి, వెంటనే బస్సెక్కి మార్కాపురం వచ్చేశాను. అమ్మ గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని. ఏడుస్తూ వంగి ఆమె పాదాలు పట్టుకోబోయాను.

అమ్మ ఎడమకాలు వెనక్కి తీసుకుంది.

"అది ముట్టుకోబాకమ్మా," అంది. "పలకల మీద పెట్టిన కాలు."