పెద్దమ్మ వేలి మీద నా వేలు

మొన్న బ్యాంకులో వేలిముద్ర మిషను నా బొటనవేలిని గుర్తుపట్టక మొరాయిస్తుంటే, కౌంటరులోని అమ్మాయి ఓపిక నశించి నా వేలు పట్టుకుని గట్టిగా అదిమింది. ఒళ్ళు ఝల్లుమంది. మన ఈడువాళ్ళతో చెప్పుకోవచ్చు గనుక చెబుతున్నాను, అలాంటి భయం ఒకసారి నేనే మరొకరికి పెట్టాను.

నరసరావుపేటలో కోర్టు వెనక వీధిలో, జిరాక్సు షాపు పైగదిలో ముగ్గురం వెబ్‌సైట్లు చేసేవాళ్ళం. నాకంటే పెద్దవాళ్ళు గనుక మిగతా ఇద్దరినీ అక్కా, అన్నా అని పిలిచేదాన్ని. రంగులు, బొమ్మలు అక్కవి, కోడు రాసేది అన్న, తెలుగు మాటలు నావి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇంట్లోంచే టోకెను తీసుకునే పేజీ తయారుచేశాం. మర్నాడు డాక్టరుగారు చూసి వద్దంటే మా ముగ్గురి పనీ పోయినట్టే. ఏ పేజీనైనా ముందు ఊళ్ళవాళ్ళ చేత వాడించి చూడాలని, ఆ సేపూ మేం చేతులు కట్టుకుని వెనక కూర్చోవాలని, నోరు మెదపకూడదని అన్న పెట్టిన నియమం. వాళ్ళు తడబడితే తప్పు మనదేననేవాడు.

అక్కకు పెద్దమ్మ వరస అయ్యే ఆవిడ, బీపీ చూపించుకోవడానికి శావల్యాపురం నుంచి అదే ఆసుపత్రికి వచ్చి, ఆ రోజు మా కోసం మౌసు పట్టుకుంది. పేరు, వయసు చక్కగానే దాటింది గానీ, చివర ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటను దగ్గర ఆగిపోయి ఎంతకీ కదలలేదు. గంభీరంగా ఉంటుందని పట్టుబట్టి ఆ మాట పెట్టించిన పండితురాలిని నేనే. డాక్టరుగారి మొహం కళ్ళముందు మెదిలింది, ఆ కంగారులో నియమమూ మరిచి, లేచి వెళ్ళి ఆమె వేలి మీద నా వేలు పెట్టి నొక్కేశాను.

ఆమె చెయ్యి లాక్కుంది. మొహం పాలిపోయింది.

“మా ఆయన వేలు గూడా ఇట్టానే పట్టుకుని కాయితం మీద అద్దించారు. చేను పోయింది. ఇప్పుడు నేను దేనికి ఒప్పుకున్నానో చెప్పమ్మాయ్” అంది.

అన్న ఆమె ఎదుటే అంతా చెరిపి చూపించినా నమ్మలేదు, డాక్టరును కలవకుండానే బస్సెక్కింది. ఆ సాయంత్రమే ముగ్గురం కూర్చుని ఆ బటను తీసేసి ‘టోకెను కావాలి’ అని పెట్టాం, డాక్టరుగారు మెచ్చుకున్నారు, పని నిలబడింది. పెద్దమ్మ మాత్రం మళ్ళీ ఆ ఆసుపత్రి గడప తొక్కలేదని అక్క చెప్పినప్పుడల్లా, ఆమెకు ఏమవుతుందోనని భయమేసేది.

ఇప్పుడు పేజీలకు పెట్టే ఈ పరీక్షలు ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకోకుండానే అయిపోతున్నాయట, ఎవరు ఏ బటను దగ్గర ఎంతసేపు ఆగారో కంప్యూటరే చెబుతుందట. ఈనాటి పిల్లలకు నాలా తప్పు చేసే అవకాశం లేదు. ఆగిపోయిన మనిషి మొహం చూసే అవకాశమూ లేదు.