కోట దగ్గర ఎర్ర లైటు

సాయంత్రం బజారు నుంచి వస్తూ, విజయనగరం కోట దగ్గర ఎర్ర లైటు పడితే స్కూటర్ ఆపాను. మిగతా బళ్లన్నీ నన్ను తప్పించుకుని దూసుకుపోయాయి. మోటార్‌సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన మాత్రం పక్కకొచ్చి ఆగాడు.

"ఏటి మావా, బండి ఆగిపోనాదా? పద, ఎనక నుంచి కాలెట్టి తోస్తాను."

"బండి బాగానే ఉంది. ఎర్ర లైటని ఆగాను."

"పోలీసోలు లేరు కదేటి!" అని పకపకా నవ్వాడు. "ఇంటికాడ పిల్లలు ఎదురు సూత్తంటారు, నానెల్తాను" అంటూ ఎర్ర లైటులోనే వెళ్లిపోయాడు.

ఈ రోజంతా నన్ను పలకరించింది ఆయనొక్కడే. రూలు పాటిస్తున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేకే ఆగుతున్నానేమో!

మీరే చెప్పండి, బండి పాడైందని అబద్ధమాడితే తప్పా? ఇంటిదాకా తోడొచ్చేవాడు.