పై పోర్షన్‌లో మొహం నాది, గొంతు ఎవరిదో

టీవీ కామెడీ సీరియళ్లలోకి ర్యాపర్లు ఎలా వచ్చారన్నది ఈమధ్య ప్రతి ఇంటర్వ్యూలోనూ వినపడుతోంది. హైదరాబాద్ కుర్రాళ్లు సోఫాలో కాలు మీద కాలేసుకుని "మేమే మొదలెట్టాం బ్రో" అంటారు. యాంకరమ్మ చప్పట్లు కొడుతుంది. వాళ్లకంటే ముందు ఆ గడప తొక్కినవాణ్ణి నేను. గుంటూరు పక్కన మిరపచేల మధ్య కూర్చుని ఆ ఇంటర్వ్యూలన్నీ చూస్తూనే ఉన్నాను. ఒక్కరూ నా ఊసెత్తలేదు. ఇన్నాళ్లూ ఎవరైనా అడగకపోతారా అని ఆగాను. ఇంకా ఆగితే నాకు తాత వేషాలు వచ్చే వయసవుతుంది, అందుకని నేనే చెబుతున్నాను.

నాకు ర్యాప్ నేర్పింది అమెరికా కాదు, ఎడ్లు. మా వైపు తిరునాళ్లలో ఒంగోలు గిత్తలతో బండలాగుడు పోటీలు పెడతారు. జత బరిలోకి దిగింది మొదలు గంట కొట్టేదాకా మైకు పట్టుకున్నవాడు నోరు మూయకూడదు. రైతు పేరు, ఊరు పేరు, గిత్తల రంగు, లాగిన దూరం, అన్నీ ఒకే దరువు మీద పడుతుండాలి. మైకు ఆగితే ఎడ్లు ఆగుతాయని మావాళ్ల నమ్మకం. ఒకసారి నాకు దగ్గొచ్చి మాట తెగింది. అదే క్షణంలో గిత్తలూ నిలబడిపోయాయి. ఆ రైతు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏరా, నువ్వు దగ్గబట్టే గదరా నా గిత్త ఆగింది!"

అప్పుడు ఊడిన గుండీని ఆయన ఇవాళ్టికీ తెచ్చివ్వలేదు. ఆ గొడవ తర్వాత జనం కనిపెట్టకుండా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ఫోన్లో ర్యాప్ వీడియోలు చూసి, "ఓస్, ఇంతేనా" అనుకున్నాను.

మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. పొద్దున వెళ్లినామె సాయంత్రం తుమ్ముకుంటూ వస్తుంది. ఆ పనిచేసే ఆడవాళ్ల గురించి ఒక ర్యాప్ కట్టి, కాయలు ఆరబోసిన కళ్లంలో నిలబడి వీడియో తీశాను. దాని మొదలు ఇది:

తొడిమ తీసే చేతికి తుమ్ముకునే తీరిక లేదు,
తూకమేసే కాటాకి మా దగ్గు వినపడదు.

ఆ వీడియో చూసి ఒక డైరెక్టరుగారు ఫోన్ చేశారు. గుంటూరులోనే ఒక మేడ అద్దెకు తీసుకుని ఆయన టీవీకి కామెడీ సీరియల్ తీస్తున్నారు. కింద తాత, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. పై పోర్షన్ ఖాళీ. "అందులోకి ఎవడో ఒకడు దిగాలయ్యా. సంగీతం మాస్టారిని పెట్టాం, జిమ్ము కుర్రాణ్ణి పెట్టాం, జనానికి మొహం మొత్తింది. నువ్వు దిగు" అన్నారు.

ర్యాపర్లు సీరియళ్లలోకి వచ్చింది ఇలాగే. దీని వెనక పెద్ద చరిత్రేమీ లేదు. కుర్రకారు టీవీ వదిలి ఫోన్లు పట్టుకున్నారు, టీవీవాళ్లు ఆ ఫోన్లలో ఎవరున్నారా అని వెతికారు, మేం దొరికాం. ర్యాపరైతే టోపీ, బూట్లు, గొలుసు తనవే తెచ్చుకుంటాడు. పైన వాడు పాడితే కింద తాతకు కోపం రావడం ఖాయం, కాబట్టి కథ కూడా వాడితోనే వచ్చేస్తుంది. అమెరికాలో ర్యాపర్ల చుట్టూ ఇల్లు కట్టి మరీ సీరియళ్లు తీశారట. మనకు పై పోర్షన్ ఇచ్చారు. అదీ అద్దెకే.

షూటింగ్ సరదాగానే సాగింది. తొడిమల పాటలో ఆ రెండు పంక్తులు కెమెరా ముందు నా చేత పాడించారు. కిటికీ కింద మిర్చి లారీలు హారన్లు కొడుతూ పోయేవి. "చప్పుడు పట్టించుకోకు, ఎలాగూ డబ్బింగ్ ఉంటుంది" అన్నారు డైరెక్టరుగారు. డబ్బింగ్ అంటే నా మాట నేనే హైదరాబాద్ వెళ్లి మళ్లీ చెప్పడం అనుకున్నాను. ఎడ్ల పోటీల్లో ఎవరి నోటికి వాళ్లే దిక్కు. ఒకడి మాట ఇంకొకడు చెప్పే పద్ధతి మాకు తెలియదు. తొడిమల పాట మన సీరియల్లో వస్తుందని అమ్మతో పనిచేసే వాళ్లందరికీ చెప్పేశాను. అమ్మ నాకు ప్రయాణానికి కొత్త బ్యాగు కొంది. హైదరాబాద్ నుంచి పిలుపు రాలేదు. సీరియల్ మాత్రం వచ్చేసింది.

ఆ సాయంత్రం మా వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. సీరియల్‌కు ముందు మా ఇంట్లో ప్రార్థన పెట్టిన పాస్టరుగారు త్వరగా ముగించి, ఆమెన్ అని రిమోట్ అందుకున్నారు. తెర మీద నేను మెట్లు దిగాను. ఈలలు పడ్డాయి. నోరు తెరిచాను. అందులోంచి తేనె పూసినట్టు, సురభి నాటకంలో రాజుగారి పలుకులా మరొకరి గొంతు వచ్చింది. "నమస్కారమండీ, కొత్తగా అద్దెకు దిగాను."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏరా, ఆ రోజు జలుబు చేసిందా?"

పక్కింటి అత్త అందుకుంది. "జలుబు చేస్తే గొంతు బాగుపడిద్దా వదినా? ఈడిది పుట్టినకాణ్ణుంచి ఇంత బాగా లేదుగా!"

తర్వాత పాట రావాలి. నా పెదాలు కదిలాయి. కెమెరా వెంటనే కిందికి దిగి, చెవులు మూసుకున్న తాతను, గరిటె జారవిడిచిన కోడలిని చూపించింది. వెనక నవ్వుల మోత. నేను మళ్లీ కనిపించేసరికి పాట అయిపోయింది. రెండు పంక్తుల్లో ఒక్క మాట కూడా వినపడలేదు.

తొడిమలు తీసే ఆడవాళ్లు పని ఆపుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె లేస్తూ అడిగింది. "మా పాట వచ్చిద్దన్నావుగా, ఏదిరా?"

దానికి జవాబు పాట తీసేసినవాళ్లు చెప్పాలి. అది నేను చెప్పాల్సింది కాదు. మర్నాడే డైరెక్టరుగారికి ఫోన్ చేశాను. "చూద్దాం" అన్నారు. ఆ వారం మళ్లీ చేశాను. "రెండో సీజన్లో చూద్దాం" అన్నారు.

ఆయన తిరిగి ఫోన్ చేయలేదు గానీ, ఒకరోజు తెలియని నంబరు నుంచి ఆ తేనె గొంతే ఫోన్ చేసింది.

"బాబూ, టీవీలో నీ గొంతు నేనేనయ్యా."

"నా గొంతు నా దగ్గరే ఉందండీ."

"కోపంగా ఉన్నావు, ఉండు. నీ పాటకి నాకు ఊపిరాడక చస్తున్నా. నీ పెదాలు నాకంటే ముందే వెళ్లిపోతున్నాయి. అందుకే పోయినసారి పాట ఎత్తేసి నవ్వులు పెట్టారు. అసలు గాలి ఎక్కడ పీలుస్తావు?"

"గిత్త అడుగు వేసినప్పుడు."

"గిత్తేంటయ్యా, నేనున్నది ఏసీ గదిలో!"

చివరికి నేర్పాను. నా మొహం మీద ఆయన తడబడితే నవ్వులపాలయ్యేది నేనే కదా. ఆయన మంచివాడు. "నాకేం అభ్యంతరం లేదు, నీది నువ్వే చెప్పుకో. ఈ ఒక్క సీరియల్లోనే నలుగురు మగాళ్లకు చెబుతున్నా, ఒకడు తగ్గితే నాకూ సుఖమే. కానీ డైరెక్టరుగారు ఒప్పుకోవాలి" అన్నారు.

తిరునాళ్లొచ్చాయి. మైకు పట్టుకున్నాను. రెండు మాటలు మాట్లాడానో లేదో కమిటీ పెద్ద అరిచాడు. "ఒరేయ్, ఆ గొంతేందిరా? టీవీలో మాట్లాడినట్టు నీ అసలు గొంతుతో మాట్లాడు!"

రెండో సీజన్లో నా గదిలోకి ఇంకొక ర్యాపర్‌ను దింపారు. హైదరాబాద్ కుర్రాడు, కథలో నాకు బావమరిది వరస. అతని చొక్కా లోపల చిన్న మైకు తగిలించారు. అతని మాట అతనిదే, అతని పాట అతనిదే. ఒకే మంచం మీద ఇద్దరం కూర్చుంటే ఒకడికి సొంత గొంతు, ఒకడికి అద్దె గొంతు. డైరెక్టరుగారిని పక్కకు పిలిచి అడిగాను.

"జనం నీ గొంతుకి అలవాటు పడిపోయారయ్యా, ఇప్పుడు మారిస్తే ఒప్పుకోరు" అన్నారు.

"ఏ గొంతుకండీ?"

"అదే, టీవీలో వచ్చేది."

ఆ కుర్రాడే ఇప్పుడు సోఫాలో కూర్చుని, తెలుగు సీరియల్లో మొదటి ర్యాపర్‌ని నేనే అంటున్నాడు. అతని తప్పేమీ లేదు. అతని మాట వినపడింది, నాది వినపడలేదు.

డైరెక్టరుగారూ, మూడో సీజన్ మొదలవుతోందని మీ మేనేజరు కబురు పెట్టాడు. వస్తాను. టోపీ, బూట్లు నావే తెచ్చుకుంటాను. మెట్లు దిగమంటే దిగుతాను, తాతగారి చేత తిట్లు తింటాను. తొడిమల పాట మాత్రం నా గొంతుతో, పూర్తిగా, కెమెరా నా మీదే ఉండగా రావాలి. అది వినడానికి పని ఆపుకుని కూర్చునేవాళ్లు మా వీధిలో ఉన్నారు. వస్తుందా, రాదా? చూద్దాం అనొద్దు, మేనేజరు చేత చెప్పించొద్దు. ఈ ఒక్క జవాబైనా మీ సొంత గొంతుతో చెప్పండి.