గేటు ముందు బగారన్నం

జేబులో చిల్లర కంటే నోట్లో నినాదాలు ఎక్కువగా ఉండే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో హన్మకొండలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన నాకు జీతం కంటే ఫుట్‌బాల్ ముఖ్యం. (ఈ సంగతి యజమానికీ తెలుసు. జీతం కూడా అలాగే ఇచ్చేవాడు.) మా మేనమామ కాజీపేట టీముకు గోల్‌కీపర్. ఆ ఏడు ఫైనలే తన ఆఖరి ఆట అని ముందే చెప్పేశాడు. "గ్యాలరీ నిండ మనోళ్ళు ఒర్రుతాంటే గ్లవుజులు ఇప్పెయ్యాల్రా, గంతే," అనేవాడు. సరిగ్గా అప్పుడే టోర్నమెంటు కమిటీ టికెట్టు రేటు డబుల్ చేసింది.

రేటు తగ్గించేదాకా ఒక్కరం కూడా లోపలికి పోవద్దని అభిమానులమంతా ఒట్టేసుకున్నాం. నాయకుణ్ణి నేనే. ఒట్టేశాక గానీ నాకు వెలగలేదు, మేం పోకపోతే మామ ఖాళీ మెట్ల ముందు ఆఖరి ఆట ఆడాలని. ఆ గాభరాలో నోటికొచ్చింది అనేశాను: "గేటు ముందు వంటా వార్పు పెడదాం!" తెలంగాణ ఉద్యమం చూస్తూ పెరిగినవాళ్ళం కదా, రోడ్డు మీద పొయ్యి వెలిగిస్తే ఎంతటివాళ్ళైనా దిగొస్తారని మా నమ్మకం. మాలో ఒక్కడికీ వంట రాదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఫైనల్ రోజు నేను రాజేసిన పొయ్యి నుంచి పొగ తప్ప మరేమీ రాలేదు. నినాదాలు దగ్గుల్లో కలిసిపోయాయి. అప్పుడు దిగింది ఆటోలోంచి మా అత్తమ్మ, అంటే మామ భార్య, పెద్ద వంట గంజుతో, బియ్యం సంచీతో. "జరుగుర్రి! నిరసనట, నిరసన! మొదలు ఉల్లిగడ్డలు కొయ్యుర్రి," అంది. కొంగు బిగించి, అంతమంది మధ్య, ట్రాఫిక్ వైపైనా చూడకుండా ఆమె గంటె తిప్పుతుంటే నేను బుద్ధిగా ఉల్లిగడ్డలు కోశాను.

బగారన్నం మసాలా వాసన స్టేడియం గోడ దాటింది. ముందు టికెట్లు అమ్మేవాడు వచ్చాడు. తర్వాత జెర్సీలతోనే ఆటగాళ్ళు, వాళ్ళ వెనుక మా మామ. (ఆటకు ముందు కడుపునిండా తినకూడదని అందరికీ తెలుసు. అయినా వాసన వాసనే.) చివరికి కమిటీ సెక్రటరీ ఊగిపోతూ వచ్చాడు.

"ఏంది లొల్లి? పోలీసోళ్ళను పిలుస్త!"

"పిలువు అన్నా, వాళ్ళకు గుడ పెడ్త. మొదలు నువ్వింత తిను, లొల్లి తర్వాత పెట్టుకుందం," అంటూ అత్తమ్మ ఆయన చేతిలో విస్తరి పెట్టింది. ఆయన మారు వడ్డించుకుంటుండగా మామను చూపిస్తూ మెల్లగా అడిగింది: "మా పిల్లలు లోపలికి రాకుంటే ఈయన ఎవల కోసం దుంకాలె, నువ్వే చెప్పు అన్నా."

సెక్రటరీ విస్తరి ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని, టికెట్లు అమ్మేవాడితో "పాత రేటే తీస్కో," అన్నాడు. మేమంతా ఈలలేశాం. అత్తమ్మ మాత్రం గంజు అడుగు గీకుతోంది.

గ్యాలరీ నిండిపోయింది. ఆట సమంగా ముగిసి పెనాల్టీల దాకా వచ్చింది. గోల్‌కీపర్ ఎలాగూ ఏదో పక్కకు దూకుతాడని అవతలి టీమువాడు ఆఖరి బంతి సరిగ్గా నడిమికి కొట్టాడు. మామ కదల్లేదు. బంతి వచ్చి పొట్టకు తగిలింది, రెండు చేతులా పట్టేశాడు. కప్పు మాదే. గ్యాలరీ మొత్తం లేచి మామ పేరు ఒర్రుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పరిగెత్తుకెళ్ళి, "నడిమికే కొడ్తడని ఎట్ల కనిపెట్టినవ్ మామా?" అన్నాను.

మామ గ్లవుజులు విప్పుతూ నా చెవిలో అన్నాడు: "దుంకుదమనే అనుకున్న రా. మీ అత్త కొసరి కొసరి పెట్టె. కడుపు కదలనియ్యలే."

ఇప్పుడు నేను ఫోన్లోనే టికెట్టు కొంటాను. రేటు మీద ఏదో ఫీజు, దాని మీద పన్ను. కిక్కురుమనకుండా నొక్కేస్తాను. నొక్కే ముందు మాత్రం పొగలో దగ్గుతూ నినాదాలిచ్చిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడైతే ఈ ఫోను ముందు కూడా పొయ్యి పెట్టేవాడు. వెలిగించడానికి మాత్రం అత్తమ్మే రావాలి.