గుండ్రటి పట్టాలు

"గిక్కడనే దిగుతవా అక్కా?" అని అడిగాడు ఎదుటి సీటాయన. "ఆఁ అన్నా, దిగుత," అన్నాను. అది పంజాగుట్ట. నేను దిగాల్సింది అమీర్‌పేటలో.

నిజాం కాలం నాటి బస్సు అది. ఆయన ఒళ్లో కొడుక్కని కొన్న బొమ్మ రైలు, దాని పట్టాలు ఉన్నాయి. పట్టాలన్నీ వంకరవే.

"తిన్నటివి దొరకలేదా అన్నా? నీ రైలు గానుగెద్దు లెక్క తిరుగుడేనా?" అని గట్టిగా అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

"దుకాణపాయన తిన్నటివి సుత చూపిండు అక్కా, నేనే వద్దన్న. మా పోరడు మంచం దిగలేడు. తిన్నగ పోయిన బండిని వాడెట్ల తెచ్చుకుంటడు? గుండ్రంగ ఐతే మళ్ల వాని కాడికే వస్తది."

నాకు మొహం చెల్లలేదు. బస్సు ఆగగానే లేచాను. మిగతా దారంతా ఎండలో నడిచాను.

కోడలా, నేను చెప్పంగ నువ్వు రాసింది జర చదువు. నేనన్న మాటను మెత్తగ చేసి రాయలేదు కదా?