కదలని పేజీ

లైబ్రరీ వెబ్‌సైటు చూసుకునే ఆమెని అందరూ కంప్యూటరమ్మ అనేవారు. తోటివాళ్లంతా కొత్త భవనానికి మారిపోయారు. సైటుని నడిపే సర్వరుని కదపలేక దాన్నీ ఆమెనీ పాత గదిలోనే వదిలేశారు. పొద్దస్తమానం నోరు విప్పే పనే ఉండదు. తల్లి పోయాక ఇంటికెళ్లినా అంతే, తాళంచెవి చప్పుడు తప్ప పలకరింపు లేదు.

ఒకరోజు ఆఫీసరు ఫోను చేశాడు. "కొత్త సైటు పెడుతున్నాం. బ్రౌజర్లో ఆ బొమ్మల్నీ అక్షరాల్నీ కదిలించే స్క్రిప్టులు ఆపేసుకుని చూసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరైనా ఉన్నారా? లేకపోతే వాళ్ల కోసం పెట్టిన ఆ సాదా పేజీ తీసిపారేద్దాం."

అది తెలుసుకోడానికి ఆమె సైటులో కంటికి ఆననంత చిన్న బొమ్మ ఒకటి పెట్టింది. స్క్రిప్టులు నడిచే బ్రౌజరు దాని జోలికి పోదు. అవి ఆపేసిన బ్రౌజరైతే ఆ బొమ్మ పంపమని సర్వరుని అడుగుతుంది, అడిగిన గుర్తు అక్కడ ఉండిపోతుంది. కొన్నాళ్లు చూసింది. సైట్లు గాలించే యంత్రాల రాకపోకలు ఏరిపారేస్తే మిగిలింది ఒక్కరు. రోజూ మధ్యాహ్నం వచ్చి, కొత్త పుస్తకాల పేర్లు చూసి వెళ్లిపోతున్నారు.

అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ గుర్తు కోసం చూడటం ఆమెకి అలవాటైపోయింది. ఒకరోజు రాకపోతే ముద్ద దిగలేదు. ఉండబట్టలేక సాదా పేజీ అడుగున ఆఫీసు నంబరు పెట్టి, "ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి" అని రాసింది.

ఫోను రానే వచ్చింది.

"ఇబ్బందేం లేదమ్మా," అంది ఓ పెద్దావిడ గొంతు. "బట్టలు కుట్టేదాన్ని. తెరమీద ఏది మిణుకుమిణుకుమన్నా నాకు మూర్ఛ వస్తుంది. అందుకే మా తమ్ముడు ఆ కదిలేవన్నీ కట్టేసి ఇచ్చాడు."

"పుస్తకం ఏదైనా కావాలా అండీ?"

"నన్ను ఒంటరిగా బయటికి పోనివ్వరు. ఊరికే పేర్లు చదువుకుంటా. చాలా సైట్లు నాకు తెల్లగా, ఖాళీగా కనిపిస్తాయి. మీది అలా కాదు."

ఇద్దరికీ ఫోను పెట్టెయ్యబుద్ధి కాలేదు.

"ఒక్క మనిషి కోసం పేజీయా?" అన్నాడు ఆఫీసరు, ఆమె సంగతి చెబితే.

"ఆ పని నేను చూసుకుంటాను సార్. తీసెయ్యమని మాత్రం అనకండి."

ఆయనకి ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. గొణుక్కుంటూనే సరేనన్నాడు.

అప్పట్నుంచీ ఆమె ప్రతి కొత్త పుస్తకం చదివి, పేరు కింద కథేమిటో నాలుగు ముక్కలు రాసేది. కొన్నాళ్లకి మళ్లీ ఫోను మోగింది.

"ఆ గడియారాలు బాగుచేసే ఆవిడ కథ సగంలో ఆపేశారేం? తర్వాత ఏమైంది?"

"చదివి వినిపించనా?"

"ఇప్పుడేనా? మీకు పనేం లేదా?"

"లేదండీ," అంటూ ఆమె పుస్తకం తెరిచింది. కాసిని మంచినీళ్లు తాగి, చదవడం మొదలుపెట్టింది.